పిప్పరమెంటు కరిగేదాకా

మా ఇంట్లో రెండే స్టూళ్ళుండేవి. పెళ్ళయిన పన్నెండో రోజున అందులో ఒకటి నేను బడికి పట్టుకుపోయాను.

"మరి మనకి..." అన్నారు మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి.

"ఒక్కదాని మీద ఇద్దరం సర్దుకుంటాం!" అన్నాను నేను.

ఆయన నవ్వారు. మా ఆయన నవ్వితే ముందు కళ్ళు నవ్వుతాయి. కాసేపటికి ఆ కబురు మూతికి అందుతుంది. ఆ ఆలస్యమంటే నాకు ప్రాణం. మర్నాడు ఆయన ప్రెస్సు నుంచి చిత్తుకాగితాల కట్టొకటి తెచ్చుకుని, దానిమీద కూర్చుని టీ తాగడం మొదలుపెట్టారు. నేను స్టూలు మీద, ఆయన కట్ట మీద. అలా కూర్చుంటే ఆయన తల సరిగ్గా నా భుజం దగ్గరికి వచ్చేది. ఇంకేం కావాలి?

ఆ వానాకాలమంతా నాది ఇదే ధోరణి. కొత్త సైకిలు దొరికిన పిల్లలా, కాస్త సందు దొరికితే చాలు, "మా ఆయన" అనే మాటెక్కి ఓ చుట్టు తిరిగొచ్చేదాన్ని. స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు ఒకరోజు, "ఇవాళ ఇరవై మూడుసార్లమ్మా, మధ్యాహ్నం గంటకి ముందే," అన్నారు. "మా ఆయన కూడా లెక్కల్లో గట్టివారే," అన్నాను. "ఇరవై నాలుగు," అన్నారాయన.

మాకున్నవి రెండో అంతస్తులో రెండు గదులు. కిటికీ తీస్తే ఎదురింటి మేడ మీద నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. అది నిండి పొర్లుతుంటే చూడటం కూడా నాకు ముచ్చటే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు. ఆయన తాళంచెవికి జోడు తాళంచెవి నా పర్సులో. ఆయన ప్రెస్సులో అచ్చు మెషిన్ నడుపుతారు. ఎంత రుద్దుకున్నా బొటనవేలి గీతల్లోంచి సిరా పోదు. నా క్యారేజీ మూత మీదో, పంచదార డబ్బా మీదో ఆ నీలం వేలిముద్ర కనిపిస్తే, ఎవరూ చూడకుండా దానిమీద నా బొటనవేలు పెట్టి చూసుకునేదాన్ని.

ఆయన మాట మాత్రం మహా నిదానం. ఏదైనా అడిగితే ముందు నా మొహంకేసి చూస్తారు. మాటలు కూడగట్టుకుంటారు. అప్పుడు మొదలుపెడతారు. అంతసేపు ఆగడం నావల్ల అయ్యే పనా? "టీలో పంచదార..." అని ఆయన అనేసరికి, "ఇంకాస్త వెయ్యనా?" అని చెంచాడు వేసేసేదాన్ని. ఆయన వాక్యాలు పూర్తిచెయ్యడం నాకు భలే సరదా. మేం మొదటిసారి కలిసింది ఒక టీకొట్టు బయటి బల్ల మీద. "మీకో సంగతి చెప్పాలి. నాకు ఎడమ..." అన్నారాయన. "ఎడమచేతి వాటమా! నాదీ అంతే!" అని నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. టీ ఒలికింది. పెళ్ళి ఖాయమైంది. తర్వాత ఆయన కుడిచేత్తో సంతకం పెడుతుంటే చూసి, "చిన్నప్పుడు కొట్టి మార్పించారా, పాపం?" అని నేనే అడిగి, నేనే జాలిపడ్డాను. ఆయన ఏదో అనబోయారు. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఇద్దరికీ ఒకటే గొడుగు. నేను ఎడమచేత్తో గొడుగు పట్టుకుని, కుడిచేత్తో ఆయన చెయ్యి పట్టుకుని నడిచేదాన్ని. ఆయనేమో నాలుగడుగులకోసారి నన్ను తన కుడివైపుకి మార్చబోయేవారు. బస్సులు నా మీద నీళ్ళు చిమ్ముతాయని ఆయన బెంగ కాబోలు అని మురిసిపోయి, మళ్ళీ ఎడమవైపుకే వచ్చేసేదాన్ని. అప్పుడప్పుడూ ఆయన, "నీకో సంగతి చెప్పాలి," అనేవారు. ప్రతిసారీ ఏదో ఒక మంచి సంగతితో నేనే పూర్తిచేసేదాన్ని.

ఇంతకీ ఆ స్టూలు సంగతి.

ఆ ఏడు నాకు తొమ్మిదో తరగతి రాత పీరియడు ఇచ్చారు. నలభై ఒక్కమంది. నలభై ఒక్క పుస్తకాలు ఇంటికి మోసుకుపోయి ఎర్ర సిరాతో కొట్టి తెచ్చిస్తే, వాళ్ళు మార్కులు చూసుకుని మూసేస్తారు. అది నాకు నచ్చలేదు. అందుకని స్టూలు తెచ్చి నా కుర్చీ పక్కన వేశాను. ఎదురుగా కాదు, పక్కన. మిగతావాళ్ళు రాసుకుంటుంటే ఒక్కొక్కరూ కాగితం పట్టుకొచ్చి నాతో ఐదు నిమిషాలు కూర్చోవాలి. కలం వాళ్ళ చేతిలోనే ఉంటుంది, నా చేతికి రాదు. నా ప్రశ్నలు రెండే. ఇందులో నీకు బాగా ఇష్టమైన చోటు ఏది? ఇంకా చెప్పాల్సింది ఏమైనా మిగిలిందా?

మొదటివారం పిల్లలు దాన్ని పళ్ళ డాక్టరు కుర్చీని చూసినట్టు చూశారు. ఒకడు తన సైకిలు గురించి అరపేజీ రాసుకొచ్చి కూర్చున్నాడు.

"ఇందులో నీకు బాగా ఇష్టమైన చోటు ఏది?"

"చివర, టీచర్."

"ఎందుకు?"

"అక్కడితో అయిపోయింది కదా."

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పి ఎంత నవ్వానో. రెండోవారానికి మాత్రం, "ఇవాళ స్టూలు నాది," "కాదు, నాది," అని పోట్లాడుకోవడం మొదలైంది.

పోట్లాడనిది ఒక్కతే. సన్నగా, బెంచీలో సగం చోటే తనదన్నట్టు ఒదిగి కూర్చునే పిల్ల. తన వంతు వచ్చేసరికి వెనకవాళ్ళని ముందుకి పంపించి, "నేను తర్వాత," అనేది. కుళాయి దగ్గరా అంతే, మెట్ల మీదా అంతే. క్లాసంతా ఆమెని 'తర్వాత' అనే పిలిచేవారు. "ఏయ్ తర్వాతా, గంట కొట్టేశారే!" అని అరిచేవారు. ఆ పిల్ల కోపగించుకునేది కాదు.

నాలుగోవారంలో ముందుకి పంపడానికి వెనక ఎవరూ మిగల్లేదు. వచ్చి కూర్చుంది. కాగితం మీద ఎనిమిది వాక్యాలున్నాయి.

'మా తలుపు వానాకాలంలో ఉబ్బుతుంది. కొంచెం పైకెత్తి భుజంతో తొయ్యాలి. అమ్మ తోస్తే ఒక చప్పుడు, నేను తోస్తే ఒక చప్పుడు. నాన్న రెండేళ్ళు వేరే ఊళ్ళో ఉండిపోయాడు. ఉత్తరం కూడా రాయలేదు. ఈసారి వానలు మొదలైనప్పుడు ఒక సాయంత్రం వచ్చాడు. తలుపు తోశాడు. తెరుచుకోలేదు.'

ఇన్నాళ్ళూ వెనక దాక్కున్నది ఇదా!

"ఇంకా చెప్పాల్సింది ఏమైనా మిగిలిందా?" అని అడిగాను.

ఆ పిల్ల కలం మూత తీసింది. పెట్టింది. మళ్ళీ తీసింది. "అప్పుడు... తలుపు..." అంది.

"చెప్పు, చెప్పు. తలుపు?"

"తలుపు..."

"తలుపు కూడా నాన్నని మర్చిపోయింది! అంతే కదూ?"

నావైపు చూసింది. తర్వాత తల వంచుకుని, డిక్టేషన్ రాసుకున్నట్టు, నెమ్మదిగా ఆ వాక్యం రాసుకుంది.

ఆ సాయంత్రం గొడుగు కింద మా ఆయనకి ఆ వ్యాసమంతా అప్పజెప్పాను. చివరి వాక్యం చెప్పడానికి నడక ఆపి మరీ చెప్పాను. ఆయన నా మొహంకేసి చూస్తూ విన్నారు.

"ఆ అమ్మాయే చెప్పిందా, ఆ మాట?"

"చెప్పినట్టే," అన్నాను.

మా బడి ఏటా ఒక పత్రిక వేస్తుంది. అచ్చయ్యేది మా ఆయన ప్రెస్సులోనే. టీచర్లందరూ కూర్చుని మొదటి పేజీకి 'మా తలుపు' ఎంచారు. లెక్కల మాస్టారు ఉదయం ప్రార్థన దగ్గర మైకులో చదివి వినిపించారు. "తలుపు కూడా నాన్నని మర్చిపోయింది" దగ్గర ఆయన ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను పొంగిపోయాను. ఆ పొంగులో వెనక వరసవైపు చూడలేదు.

తర్వాతివారం ఆ పిల్ల స్టూలు మీద కూర్చుంటే కాగితం మీద రెండు వాక్యాలే ఉన్నాయి. అవి గొడుగు గురించి. ఇంకా చెప్పాల్సింది ఏమైనా మిగిలిందా అంటే, "లేదు టీచర్," అంది. ఆ పైవారం కాగితమే తేలేదు. వంతు వస్తే మళ్ళీ అందరినీ ముందుకి పంపడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఒకరోజు మా పెద్ద టీచరమ్మ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మా హెడ్‌మిస్ట్రెస్‌ని అందరం అలాగే పిలుస్తాం. ఆవిడ వాచీని మణికట్టు లోపలివైపుకి పెట్టుకుంటారు. పీరియడంతా ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం తన గదికి పిలిచారు.

"కూర్చోమ్మా. స్టూలు ఆలోచన బాగుంది. ఇవాళ చివర కూర్చున్న పిల్లతో ఐదు నిమిషాలు గడిపావు కదా. అందులో నువ్వు మాట్లాడింది ఎంతసేపనుకుంటున్నావు?"

"ఒక నిమిషం ఉంటుందేమోనండి. మహా అయితే నిమిషంన్నర."

"నాలుగు నిమిషాల పది సెకన్లు." వాచీ మీద వేలితో తట్టారు. "మిగతా యాభై సెకన్లు ఆ పిల్ల తల ఊపింది. తల ఊపడం మాటల కిందికి వస్తే రాసుకో."

నాకు మొహం వేడెక్కింది. "పాపం, ఇబ్బంది పడుతుంటే సాయం చేద్దామని..."

"చేస్తావు. నాకు తెలుసు. పత్రికలో మొదటి పేజీకి ఎంచిన వ్యాసం చివరి వాక్యం చూశాను. బాగుంది. కానీ దాని వయసు పద్నాలుగేళ్ళు కాదమ్మా. ఇరవై నాలుగుంటాయి. ఈమధ్యే పెళ్ళయినట్టుంది కూడాను."

నేను నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపల ఆవిడ సొరుగు లాగి ఒక రేకు డబ్బా తీసి నా ముందు పెట్టారు. నిండా పిప్పరమెంటు బిళ్ళలు.

"ప్రశ్న అడుగు. ఒకటి నోట్లో వేసుకో. అది కరిగేదాకా మాట్లాడకు. కొరకకూడదు."

"పిల్లలు ఏమనుకుంటారండీ?"

"టీచరుకి గొంతు బాగాలేదనుకుంటారు. ముప్ఫయ్యేళ్ళుగా నా గొంతు బాగాలేదు."

గురువారం మా ఆయన పత్రిక మొదటి పేజీ ప్రూఫు తెచ్చారు. శనివారం పొద్దున్న మెషిన్ ఎక్కుతుంది. శుక్రవారం మధ్యాహ్నం అన్నం గంటలో ఆ పిల్లని పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. క్లాసు ఖాళీ. చూరు నీళ్ళు ధారలు కట్టి పడుతున్నాయి. ప్రూఫు తన ముందు పెట్టి, "చూసుకో. అంతా సరిగ్గా ఉందా?" అని, బిళ్ళ నోట్లో వేసుకున్నాను.

ఆ పిల్ల చదివింది. మళ్ళీ చదివింది. నేను కిటికీ ఊచలు లెక్కపెట్టాను. పదకొండు.

"బాగుంది టీచర్."

నేను బిళ్ళని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చాను. ఊచలు మళ్ళీ లెక్కపెట్టాను. అటు నుంచి ఇటు.

"కానీ తలుపు మర్చిపోలేదు."

నా నాలుక చివర మూడు వాక్యాలు వరసకట్టి నిలబడ్డాయి. నోరు మూసుకున్నాను. అంత కష్టమైన పని నేను అంతకుముందు చెయ్యలేదు.

"నేను లోపలున్నాను," అంది.

చూరు నీళ్ళు. కారిడార్లో ఎవరో పరిగెత్తిన చప్పుడు.

"నాన్న పిలిచాడు. గొంతు గుర్తుపట్టాను. తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు ఇలా తన్నిపెట్టి నిలబడ్డాను." స్టూలు మీద కూర్చునే కాళ్ళు చాచి, మడమలు నేలకి నొక్కి చూపించింది. "ఎలా తొయ్యాలో నాన్నకి గుర్తుంది టీచర్. పైకెత్తే తోశాడు. రెండుసార్లు తోసి ఆగిపోయాడు. అమ్మ పని నుంచి వచ్చేదాకా వానలోనే నిలబడ్డాడు. అమ్మ రాగానే నేను తప్పుకున్నాను. తలుపు బిగుసుకుపోయిందని అమ్మతో అన్నాడు నాన్న. నేనేం మాట్లాడలేదు. మర్నాడు ఎవర్నో చిత్రిక అడిగి తెచ్చి, తలుపు అంచు చిత్రిక పట్టాడు. ఇప్పటికీ పడుతూనే ఉన్నాడు. వానొచ్చినప్పుడల్లా ఇంకాస్త. పట్టడం, 'ఇప్పుడెలా ఉంది? నువ్వు తోసి చూడు' అని నన్ను పిలవడం. నేను తోస్తే తెరుచుకుంటుంది. నాన్నకి సంతోషం. ఇల్లంతా చెక్కపొట్టు."

ఊపిరి తీసుకుంది.

"ఇది అచ్చయితే నాన్న చదువుతాడు. తప్పు తలుపుదేనని ఇంకా గట్టిగా నమ్ముతాడు. అలా నమ్మి చిత్రిక పట్టుకుంటూపోతే ఇంక తలుపే మిగలదు టీచర్."

బిళ్ళ ఎప్పుడో కరిగిపోయింది. నేనెంతో మురిసిపోయిన ఆ వాక్యం ప్రూఫు మీద నల్లగా, ముద్దుగా ఉంది. నేను కూడా ఒక తలుపుకి వీపు ఆనించి నిలబడ్డట్టే ఉంది.

"ఆ మాట నాది," అన్నాను. "నీ నోట్లోంచి నీ మాట లాగేసి, నాది పెట్టాను. తప్పు నాదే. ఇప్పుడేం చేద్దాం?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు నిజంగానే తెలియదు. నేను ఆ స్టూలు దగ్గర అడిగిన ప్రశ్నల్లో అలాంటిది అదే మొదటిది.

"ముందు నాన్నకి చెప్తాను," అంది. "అప్పుడు రాస్తాను."

"చెప్పాక, అది ఎవరూ చదవొద్దని ఆయనంటే?"

"అప్పుడు వెయ్యొద్దు టీచర్."

"సరే. ఎప్పుడు చెప్తావు?"

తనకి అలవాటైన జవాబు పెదాల దాకా వచ్చింది. నాకు కనిపించింది. అక్కడే ఆగింది.

"ఇవాళే," అంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన కాగితాల కట్ట మీద కూర్చుని ఉన్నారు. గొడుగు కూడా ముడవకుండా జరిగిందంతా చెప్పాను. "ఆ పేజీ ఒక్కరోజు ఆపగలరా?" అని అడిగాను.

"అచ్చు ప్లేటు తయారైపోయిందే," అన్నారు.

నేను పర్సులోంచి ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నాను.

ఆయన ఆలోచించారు. పొయ్యి మీద టీ పొంగి తగ్గింది. "మా ఓనరు..." అన్నారు. ఒప్పుకోరా, అరుస్తారా, డబ్బులడుగుతారా, ఇన్ని ముక్కలు నా గొంతులో తోసుకున్నాయి. మింగాను.

"మా ఓనరు అడిగితే, ప్లేటు మీద గీత పడింది, మళ్ళీ చెయ్యాలంటాను."

"అబద్ధం చెప్తారా?" బుగ్గన బిళ్ళతో నత్తినత్తిగా వచ్చింది.

"గీత నేనే గీస్తాను. అప్పుడు అబద్ధం కాదు."

పెళ్ళయ్యాక ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఇంకొకటి కూడా అన్నారు.

"టీలో పంచదార నేను వేసుకోను."

"మరి ఈ రెండు నెలలూ?"

"తాగాను."

శనివారం ఒక్కపూట బడి. గంట కొట్టకముందే వెళ్ళాను. ఆ పిల్ల అప్పటికే స్టూలు మీద కూర్చుని ఉంది. ఎవరినీ ముందుకి పంపలేదు. పంపడానికి క్లాసులో ఇంకెవరూ రాలేదు కూడా. నేను కూర్చోగానే, నేను ప్రశ్న వెయ్యకుండానే మొదలుపెట్టింది.

"చెప్పాను టీచర్. నాన్న అప్పుడు కూడా చిత్రిక పడుతున్నాడు. ఆపి, 'తెలుసు' అన్నాడు."

నేను డబ్బా కోసం చేయి చాచాను. అవసరం లేకపోయింది. తను చెప్పుకుంటూ పోతోంది.

"తలుపు కింద సందులోంచి నా కాళ్ళు కనిపించాయట. 'ఇంత పెద్ద పాదాలయ్యాయా నీకు అనుకున్నాను,' అన్నాడు. 'మరి తెలిసీ చిత్రిక ఎందుకు పట్టావ్ నాన్నా?' అని అడిగాను. 'మీ అమ్మతో తలుపు బిగుసుకుందని చెప్పేశాను కదే. అలా చెప్పాక బాగుచెయ్యకపోతే ఎలా?' అన్నాడు."

నవ్వు వచ్చింది ఆ పిల్లకి. నవ్వుతూనే మోచేత్తో మొహం తుడుచుకుంది. నేను కిటికీ ఊచలవైపు తిరిగాను. ఈసారి లెక్క కుదరలేదు.

"మరి అందర్నీ చదవనిస్తానన్నాడా?" అని అడిగాను.

"'నా పాదాల మాట కూడా రాయనా?' అని అడిగితే, 'అదే ముఖ్యం,' అన్నాడు."

కాగితం నా ముందు పెట్టింది. పాత ఎనిమిది వాక్యాలూ అలాగే ఉన్నాయి. తొమ్మిదోది, 'ఎందుకంటే లోపల నేనున్నాను.' ఆ తర్వాత పేజీ నిండా ఉంది. కొట్టివేతలు, బాణాలు, అంచుల్లో ఎక్కించిన మాటలు. చివర ఇలా ఉంది.

'ఇప్పుడు మా తలుపు ఎవరు తోసినా తెరుచుకుంటుంది. గాలికి కూడా. పడుకునే ముందు దానికి కుర్చీ అడ్డం పెట్టుకుంటున్నాం. ఆ కుర్చీ రోజూ నాన్న పెడతాడు, పొద్దున్న నేను తీస్తాను.'

"ఇంకా చెప్పాల్సింది ఏమైనా మిగిలిందా?" అన్నాను.

చాలాసేపు ఆలోచించింది. "లేదు టీచర్," అంది. ఈసారి అది నిజం.

మా ఆయన ప్లేటు మీద గీత గీశారు. సోమవారం కొత్త ప్లేటు ఎక్కింది. పత్రిక రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. లెక్కల మాస్టారు చదివి, "ఆ మర్చిపోయిన తలుపు వాక్యం తీసేశారేమమ్మా? అదే బాగుండేది," అన్నారు.

"అవునండి, బాగుండేది," అన్నాను.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూము దగ్గర ఎవరో తలుపు తట్టారు. బార్లా తీసి ఉన్న తలుపే. మోచేతుల దాకా చొక్కా మడిచిన ఒక మనిషి. "టీచరమ్మా, పత్రిక కాపీ ఒకటి ఇప్పిస్తారా?" అన్నాడు. ఇచ్చాను. అక్కడే నిలబడి మొదటి పేజీ తిరగేశాడు. వెళ్ళబోయి మళ్ళీ వచ్చి, "ఇంకొకటి ఉంటుందా?" అని అడిగాడు. కాలర్ వెనక ఒక చెక్కపొట్టు చుట్ట అంటుకుని ఉంది. చెబుదామా అనుకున్నాను. అక్కడే బాగుందనిపించింది.

సాయంత్రం వాన వెలిసింది. కిటికీ తీశాం. ఎదురింటి ట్యాంకు పొర్లుతోంది. నేను స్టూలు ఆయన ఎడమపక్కకి జరుపుకుని పత్రిక చదివి వినిపిస్తున్నాను. ఆయన కట్ట మీద కూర్చుని, మెడ ఇటు తిప్పి నా పెదాలవంకే చూస్తూ వింటున్నారు. చదవడం అయ్యాక పత్రిక మడిచి, "నీకో సంగతి చెప్పాలి," అన్నారు.

పర్సు దగ్గరలోనే ఉంది. బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నాను.

ఆయన ఎదురుచూశారు. నేను పూర్తిచెయ్యడం కోసం. "ఏం, ఏమీ అనవా?" అన్నారు.

అననని తల అడ్డంగా ఊపి, బుగ్గ చూపించాను.

"నాకు ఎడమ..." అన్నారు.

'చేతి' అనే మాట నా పళ్ళకి వచ్చి కొట్టుకుంది. పళ్ళు బిగపట్టాను.

"ఎడమ చెవి వినపడదు."

ట్యాంకు నీళ్ళు గోడమీంచి కిందికి జారుతున్నాయి.

"మెషిన్ పక్కన ఎనిమిదేళ్ళు నిలబడ్డాను కదా. వినికిడి ఇంక తిరిగి రాదన్నాడు డాక్టరు. పెళ్ళి కుదరకముందే చెప్పాలని, ఆ రోజు టీకొట్టు దగ్గర మొదలుపెట్టాను. నువ్వు అంత సంతోషపడ్డావు. టీ కూడా ఒలికింది. ఆ తర్వాత ఎన్నిసార్లు మొదలుపెట్టానో. చెప్పకుండా పెళ్ళి చేసుకున్నానంటావేమోనని రోజూ భయమే."

గొడుగు గుర్తొచ్చింది. నాలుగడుగులకోసారి నన్ను కుడివైపుకి లాగడం గుర్తొచ్చింది. మాట్లాడే ముందు నా మొహంకేసి చూడటం. ఈ ఎడమచేతి వాటందాన్ని, రెండు నెలలుగా ఎప్పుడూ ఆయనకి ఎడమపక్కనే ఉన్నాను. నడకలో, టీ దగ్గర, మంచం మీద కూడా.

నాకు ఇంకో సంగతి తట్టింది.

"అయితే, లైటు తీశాక నేను మీ చెవిలో చెప్పేవన్నీ?"

"ఏవి?"

"ఏవేంటండీ! రోజూ! అన్ని కబుర్లు! అన్ని..." నా చెవులు కాలిపోతున్నాయి. "ఒక్కటీ వినపడలేదా?"

ఆయన నా మొహంకేసి చూశారు. మాటలు కూడగట్టుకున్నారు. నేను ఆగాను.

"వినపడలేదు," అన్నారు. "వెచ్చగా ఉండేది."

లేచాను. స్టూలు ఎత్తుకుని ఆయన వెనకనుంచి చుట్టు తిరిగి, కుడిపక్కకి తెచ్చి వేసుకుని కూర్చున్నాను. ఆయన తల మళ్ళీ సరిగ్గా నా భుజం దగ్గరికే వచ్చింది. వంగి ఆయన చెవి దగ్గర మొహం పెట్టాను. రెండు నెలల కబుర్లు. అన్నీ మొదటినుంచి చెప్పాలి.

నోట్లో బిళ్ళ ఇంకా కొంచెం మిగిలి ఉంది. అది కరిగేదాకా ఆగాను.